మస్టరు సరే, సామగ్రి బిల్లు మాటేమిటి?

దివిసీమలో కాలువ పూడిక తీసిన కూలీకి మస్టరులో ఒక్క రోజు తగ్గినా వెంటనే తెలుస్తుంది. అదే మనిషికి తన వాడలో వేసిన సిమెంటు రోడ్డుకు ఎన్ని బస్తాలు వాడారో తెలియదు. ఉపాధి నిధుల తనిఖీ బలహీనపడేది ఇక్కడే. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు మండలాల కార్యకర్తలు సామాజిక తనిఖీకి ముందు తెలుసుకోవాల్సిన విషయాలివి.

నియమాలు ఏమన్నాయి?

2005 నాటి ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ పనుల సామాజిక తనిఖీని గ్రామసభకు అప్పగించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ తనిఖీలు 2006లో మొదలయ్యాయి. 2009లో వాటికోసం ప్రత్యేక సొసైటీ ఏర్పడింది. సామగ్రి ఖర్చు, నైపుణ్య కూలితో కలిపి, 40 శాతం దాటకూడదు. కాంట్రాక్టర్లకు చోటు లేదు. అంటే కూలీలు 60 రూపాయలు సంపాదిస్తేనే 40 రూపాయల సామగ్రికి వీలు. మన చెమట మీద వచ్చిన ఆ 40 లెక్క అడగడం మన హక్కు.

టెండరు తప్పించుకోవడానికి ఒకే కొనుగోలును ముక్కలు చేయకూడదని కేంద్ర సాధారణ ఆర్థిక నియమాలు (2017) చెబుతున్నాయి. ఒకే దుకాణం నుంచి, దగ్గర దగ్గర తేదీల్లో, పరిమితికి కాస్త దిగువన బిల్లులుంటే ప్రశ్నించాలి.

తప్పుల శాతం ఎలా మోసం చేస్తుంది?

ఉదాహరణకు 10 లక్షల పని అనుకుందాం. కూలి 6 లక్షల్లో 30 వేలు తేడా వస్తే అది 5 శాతం. సామగ్రి 4 లక్షల్లో 80 వేలు తేడా వస్తే 20 శాతం. మొత్తం మీద 11 శాతం. మస్టర్లు మాత్రమే చూసిన నివేదిక 5 దగ్గరే ఆగిపోతుంది.

ఇది ఊహ కాదు. ఫర్జానా అఫ్రీదీ, వేగార్డ్ ఐవర్సన్ ఉమ్మడి రాష్ట్రంలోని 300 పంచాయతీల తనిఖీ నివేదికలు పరిశీలించారు. తనిఖీలు జరిగేకొద్దీ కూలి అవకతవకలు కొంత తగ్గినా, సామగ్రి అవకతవకలు పెరిగాయని తేల్చారు. తేలిన సొమ్ములో ఎక్కువ భాగం వసూలు కాలేదు.

ఏం చేయాలి?

అంచనా, ఎం-బుక్, సామగ్రి వోచర్లు మూడూ కలిపి అడగండి. సమాచార హక్కు చట్టం 2(జె) సెక్షన్ ప్రకారం పనిని పరిశీలించవచ్చు, సామగ్రి నమూనా కూడా తీసుకోవచ్చు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి రుసుము లేదు.

తర్వాత టేపుతో కొలవండి. 100 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం రోడ్డుకు 45 ఘనపు మీటర్ల కాంక్రీటు పడుతుంది. మందం 10 సెంటీమీటర్లే ఉంటే 30 సరిపోతుంది. మూడో వంతు బిల్లు ఎటు పోయినట్టు?

ఆ కొలత మండల ప్రజావేదికలో చదివించండి. కూలి తేడా, సామగ్రి తేడా విడివిడిగా రాయించండి. ఎవరి నుంచి, ఎంత, ఏ తేదీలోగా వసూలు చేస్తారో నమోదయ్యాకే కదలండి.