విదేశాలలో గంజాయి సేవన శాలలు: యాత్రికుడు తెలుసుకోవలసిన చట్టాలు

అన్నూరు ప్రాంతపు గ్రామాలలో ఇంట తెలుగు, బడిలో తమిళం మాట్లాడుతూ పెరిగిన పిల్లలు నేడు చదువుకు, ఉద్యోగానికి, విహారయాత్రకు అనేక దేశాలు వెళ్తున్నారు. ఆ దేశాలలో కొన్నింట లైసెన్సు పొందిన దుకాణాలలో గంజాయి అమ్ముతారు. కొన్ని చోట్ల అక్కడే కూర్చొని సేవించుటకు ప్రత్యేక శాలలు కూడా ఉన్నవి. వీటినే లాంజ్‌లు అంటారు. "అక్కడ చట్టసమ్మతమే కదా" అని యువకులు చెప్పే మాట సగమే నిజం. ఆ లైసెన్సు దుకాణదారుని వ్యాపారానికి సంబంధించినది. యాత్రికునికి మాత్రం మూడు చట్టాలు వర్తిస్తాయి. ఒకటి, అతడు నిలిచిన చోటి చట్టం. రెండు, అతని వీసాను శాసించే చట్టం. మూడు, అతడు దిగబోయే దేశపు చట్టం.

భారతదేశంలో

1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ఆ మొక్క పూత, కాయ కంకులను గంజాయి అని, దాని జిగురును చరస్ అని నిర్వచించింది. కంకులు లేని ఆకులు, గింజలు గంజాయి నిర్వచనంలోకి రావు. ఆకుతో చేసే భాంగ్ రాష్ట్రాల ఎక్సైజు చట్టాల పరిధిలోనిది. అందువల్లనే రాజస్థాన్‌లోని జైసల్మేరులో అనుమతి పొందిన భాంగ్ దుకాణం పర్యాటకులకు వింతగా నిలిచింది. అయితే ఒక రాష్ట్రం ఇచ్చిన అనుమతి మరొక రాష్ట్రంలో చెల్లదు. అక్కడ కొన్న పొట్లం సంచిలో వేసుకొని రైలెక్కుట క్షేమం కాదు.

గంజాయి విషయంలో 1 కిలో వరకు "స్వల్ప పరిమాణం". దీనికి ఏడాది వరకు కఠిన కారాగారం, లేక 10,000 రూపాయల వరకు జరిమానా, లేక రెండూ విధించవచ్చు. దానికి మించి, వాణిజ్య పరిమాణానికి లోబడి ఉన్నచో 10 ఏళ్ల వరకు శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా. వాణిజ్య పరిమాణం 20 కిలోల వద్ద మొదలవుతుంది. దానికి శిక్ష 10 నుండి 20 ఏళ్లు, బెయిలు మిక్కిలి కష్టం. వట్టి సేవనానికి కూడా శిక్ష కలదు.

ఏ దేశంలో ఏ నియమం

నెదర్లాండ్స్: ఇక్కడి "కాఫీ షాపుల" పేరు అందరూ వినియుంటారు. వాస్తవానికి గంజాయి అక్కడ పూర్తిగా చట్టబద్ధం కాదు. 1976లో చట్టాన్ని సవరించిన తరువాత చిన్న పరిమాణాన్ని చూసీ చూడనట్లు విడిచిపెట్టే పద్ధతి ఏర్పడింది. 18 ఏళ్లు నిండినవారికి రోజుకు 5 గ్రాములకు మించి అమ్మరాదు. మాస్ట్రిక్ట్ వంటి సరిహద్దు పట్టణాలలో విదేశీ యాత్రికులను లోనికి రానివ్వరు.

అమెరికా: కొలరాడో, వాషింగ్టన్ రాష్ట్రాల ఓటర్లు 2012లో దీనిని ఆమోదించారు. నెవాడా రాష్ట్రం 2021లో లాంజ్‌లకు చట్టం చేసింది. రాష్ట్ర లైసెన్సుతో మొదటి లాంజ్ లాస్ వెగాస్‌లో 2024లో తెరిచారు. 21 ఏళ్లు నిండినట్లు గుర్తింపు పత్రం చూపవలెను. అక్కడ మద్యం అమ్మరు. వీధిలో, జూదశాలలో పొగ త్రాగుట నిషిద్ధం. సేవించి వాహనం నడుపుట నేరం. లాస్ వెగాస్ విమానాశ్రయం వద్ద మిగిలిన సరుకును పారవేయుటకు 2018లో పెట్టెలు ఏర్పాటు చేశారు. దుకాణంలో చెల్లిన వస్తువు విమానాశ్రయపు గుమ్మం వద్ద చెల్లదనుటకు అదే నిదర్శనం.

కెనడా: 2018 అక్టోబరు 17 నుండి చట్టబద్ధం. బహిరంగ ప్రదేశంలో 30 గ్రాముల వరకు దగ్గర ఉంచుకొనవచ్చును. వయస్సు ఆల్బర్టాలో 18, క్విబెక్‌లో 21, మిగిలిన చోట్ల 19. సరిహద్దు దాటించుట మాత్రం రాకపోకలు రెండింటా నేరమే.

జర్మనీ, ఉరుగ్వే: జర్మనీలో 2024 ఏప్రిల్ 1న చట్టం అమలుకు వచ్చినా, సభ్యుల సంఘంలో చేరుటకు కనీసం 6 నెలల నివాసం ఉండవలెను. ఉరుగ్వేలో పౌరులకు, నివాసులకు మాత్రమే అమ్ముతారు. ఈ రెండు చోట్ల యాత్రికునికి స్థానం లేదు.

థాయ్‌లాండ్: 2022 జూన్ 9న గంజాయిని మాదకద్రవ్యాల జాబితా నుండి తొలగించారు. వేలాది దుకాణాలు వెలిశాయి. 2025 జూన్‌లో నియమం తిరిగి మారింది. పూతను వైద్యుని చీటీ ఉన్నవారికే అమ్మవలెనని ఆజ్ఞ వచ్చింది. నాలుగేళ్ల క్రితం వెళ్లివచ్చిన మిత్రుని మాట నమ్మి బయలుదేరువారు ఈ మార్పును గమనించవలెను.

సింగపూరు: కోయంబత్తూరు నుండి నేరుగా విమానం ఉన్న ఈ దేశంలో చట్టం అత్యంత కఠినం. 500 గ్రాములకు మించి గంజాయి రవాణా చేసినచో మరణశిక్ష. సుమారు 1 కిలో గంజాయి రవాణా కుట్ర కేసులో 2023 ఏప్రిల్ 26న ఒక తమిళుని ఉరితీశారు. సింగపూరు పౌరులు, శాశ్వత నివాసులు వేరొక దేశంలో సేవించినా అక్కడ నేరమే. మన ప్రాంతం నుండి వెళ్లి స్థిరపడినవారు ఈ నియమాన్ని మరువరాదు.

వీసాపై ప్రభావం

అమెరికాలో రాష్ట్రం అనుమతించినా ఫెడరల్ చట్టం ప్రకారం ఇది నియంత్రిత ద్రవ్యమే. వీసా, ప్రవేశం, పౌరసత్వం మూడూ ఫెడరల్ ప్రభుత్వపు పనులు. కోర్టు శిక్ష లేకపోయినా, సేవించితినని అధికారి ఎదుట అంగీకరించుట ప్రవేశ నిరాకరణకు కారణం కావచ్చును. రాష్ట్రంలో చట్టబద్ధమైన సేవనం సైతం పౌరసత్వ దరఖాస్తులో సత్ప్రవర్తనకు అడ్డంకి కాగలదని 2019లో అక్కడి వలస సేవల శాఖ ప్రకటించింది. అడిగినప్పుడు అబద్ధం చెప్పుట వేరొక నేరం. పొలం తాకట్టు పెట్టి పంపిన చదువు ఒక సాయంకాలపు వినోదంతో ఆగిపోరాదు.

ఆరోగ్యం

పొగగా త్రాగినప్పుడు ప్రభావం నిమిషాలలో తెలుస్తుంది. చాక్లెట్టు, బిస్కెట్టు రూపంలో తిన్నప్పుడు అరగంట నుండి 2 గంటల వరకు పట్టవచ్చును. ఏమీ కాలేదని మరికొంత తిని గుండెదడ, భయం, వాంతులతో ఆసుపత్రి పాలైనవారున్నారు. మిఠాయి అనుకొని పసిపిల్లలు తినే ప్రమాదమూ ఉన్నది. తరచు సేవించేవారి మూత్రంలో దాని ఆనవాలు కొన్ని వారాల పాటు ఉండగలదు. గల్ఫ్ ఉద్యోగాలకు పరీక్ష చేయించుకొనువారికి ఇది ముఖ్యం.

కుటుంబాలు పాటించవలసిన జాగ్రత్తలు

1. ప్రయాణానికి ముందు ఆ దేశపు తాజా నియమాన్ని, మార్గమధ్యంలో దిగే దేశపు నియమాన్ని కూడా విచారించవలెను.

2. మిగిలిన పొట్లం, గంజాయి కలిపిన తినుబండారం, వాడిన గొట్టం ఏదీ సంచిలో ఉంచరాదు. కానుకగా ఇచ్చిన చాక్లెట్ల మీది చీటీ చదువవలెను.

3. మన భాష మాట్లాడినాడన్న నమ్మకంతో ఎవరి పెట్టెనూ మోయరాదు. పెట్టె ఎవరి చేతిలో ఉన్నదో, మొదటి ప్రశ్న వారికే.

4. విదేశంలో అరెస్టు జరిగినచో భారత రాయబార కార్యాలయానికి తెలియజేయమని కోరే హక్కు 1963 వియన్నా ఒప్పందం కల్పించింది. ఆ కార్యాలయపు ఫోన్ నంబరు ఇంట్లోనూ వ్రాసి ఉంచవలెను.

5. అలవాటులో చిక్కుకొన్నవారిని దాచిపెట్టుట కన్న చికిత్సకు తీసుకొనిపోవుట మేలు. జాతీయ ఉచిత సహాయ నంబరు 14446. స్వచ్ఛందంగా చికిత్సకు వచ్చిన వ్యసనపరునికి, సేవనం లేక స్వల్ప పరిమాణం కేసులలో, 1985 చట్టంలోని 64-ఏ సెక్షను రక్షణ కల్పిస్తున్నది.

బయలుదేరే పిల్లలకు పచ్చడి సీసాతో పాటు ఈ నాలుగు మాటలు కూడా కట్టి ఇవ్వవలసిన బాధ్యత పెద్దలది.