కనిపించని అక్షరం

కంకిపాడులో మా మావయ్యకి రైస్‌మిల్లు ఉంది. నిరుడు సంక్రాంతికి వెళ్తే, "అల్లుడూ, నువ్వు కంప్యూటర్లవాడివేగా, మన మిల్లుకో వెబ్‌సైటు పెట్టు. పేరు మాత్రం బోర్డు మీద ఉన్నట్టే తెలుగులో ఉండాలి" అన్నాడు. ఇంగ్లీషులో ఆ పేరు ఎలాగూ దొరకలేదు. లక్ష్మిని ఎన్ని స్పెల్లింగులతో రాయొచ్చో అన్నీ ఎవరో ఒకరు కొనేసుకున్నారు. సరే, పది నిమిషాల పని కదా అనుకున్నాను.

ఫారంలో పేరు కొట్టాను. సరిచూసుకోమంటూ తిరిగి చూపించింది: రైస్మిల్లు. స కింద మ వత్తు. మావయ్య కళ్లజోడు పెట్టుకుని చూశాడు. "ఇదేం మిల్లురా? మా బోర్డు రాసిన పెయింటరు ఐదో క్లాసు. వాడు కూడా ఇలా రాయలేదు."

తప్పు నాది కాదు. తెలుగులో పొల్లు తర్వాత హల్లు వస్తే కంప్యూటరు దాన్ని వత్తు చేసేస్తుంది. స్ అలాగే నిలబడాలంటే మధ్యలో కంటికి కనబడని ఒక గుర్తు వేయాలి. యూనికోడ్‌లో దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. వెడల్పు సున్నా, పని మాత్రం బోలెడు. సాఫ్ట్‌వేర్, వెబ్‌సైటు, రైస్‌మిల్లు లాంటి ఎరువు మాటలన్నీ దాని మీదే బతుకుతున్నాయి. నా పేరు కొన్నచోట ఫారం ఆ గుర్తుని చప్పుడు చేయకుండా మింగేసింది.

ఇలా ఎందుకైందో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. పాల్ మొకపెట్రిస్ డొమైన్ నేమ్ సిస్టమ్‌ని రూపొందించింది 1983లో. పేర్లలో వాడుకోడానికి ఉన్నవి 26 ఇంగ్లీషు అక్షరాలు, 10 అంకెలు, ఒక అడ్డగీత. మొత్తం 37. మన ఱ సంగతి సరే, ఫ్రెంచివాళ్ల యాక్సెంటుకే దిక్కులేదు. ఇరవై ఏళ్ల తర్వాత, 2003లో, ప్యూనీకోడ్ వచ్చింది. అది ఒక రకంగా వేషం. పైకి తెలుగు, లోపల అదే 37 గుర్తులు. భారతదేశానికి ఏడు లిపుల్లో చివరి పేర్లను ఐకాన్ 2011లో ఆమోదించింది. వాటిలో తెలుగు '.భారత్' ఒకటి. యంత్రానికి అది భారత్ కాదు: ఎక్స్, ఎన్, రెండు అడ్డగీతలు, ఆ వెనక ఎఫ్ పి సి ఆర్ జె 9 సి 3 డి. దేశం పేరు లారీ నంబరులా ఉంటుంది.

2003 నియమాల ప్రకారం మా కనిపించని గుర్తుని తీసిపారెయ్యాలి. 2010లో వచ్చిన కొత్త ప్రమాణం, పొల్లు తర్వాత వస్తే ఉంచుకోవచ్చంది. అయితే ప్రమాణం ఒప్పుకోవడం వేరు, పేర్లమ్మేవాడి ఫారం ఒప్పుకోవడం వేరు. 2019లో రూట్ జోన్‌కి తెలుగు నియమాలు చేర్చినప్పుడు కూడా దాన్ని గుమ్మం బయటే ఉంచారు.

నాకు మొదట ఒళ్లు మండింది. ఆలోచిస్తే వాళ్ల భయమూ అర్థమైంది. 2017లో ఒక పరిశోధకుడు అచ్చంగా రష్యన్ లిపి అక్షరాలతో ఆపిల్ కంపెనీ పేరుని రిజిస్టరు చేసి చూపించాడు. అప్పట్లో కొన్ని బ్రౌజర్లలో చూస్తే తేడా తెలిసేది కాదు. మనకైతే పక్కనే కన్నడం ఉంది. బ, ల, డ రాసి పక్కపక్కన పెడితే పోల్చుకోవడం కష్టమే. అందుకే ఆ 2019 నియమాల్లో కొన్ని తెలుగు, కన్నడ అక్షరాలను ఒకదానికొకటి మారురూపాలుగా లెక్కేశారు. ఒక లిపిలో ఒకరు పేరు తీసుకుంటే, రెండో లిపిలో అలాంటిది ఇంకొకరికి దొరకదు. లిపి ఒకటే అయినా తగాదాలు తప్పవు. సత్యం కంప్యూటర్స్ పెట్టిన సత్యం ఇన్ఫోవే 'సిఫీ' అన్న పేరు కట్టుకుంటే, ఇంకో సంస్థ ఒక ఎఫ్ ఎక్కువేసి అలాంటి పేరే తీసుకుంది. ఆ గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. డొమైన్లకి ప్రత్యేక చట్టం లేకపోయినా, ఒకరి సరుకుని తమదిగా చలామణీ చేయకూడదన్న పాత సూత్రం వీటికీ వర్తిస్తుందని 2004లో తీర్పిచ్చి, సిఫీ పక్షాన నిలిచింది. ఒక్క ఎఫ్‌కే ఇంత జరిగితే, కనబడనే కనబడని గుర్తుని ఎవరు నమ్ముతారు?

(ఐఫోన్లని పడగొట్టిన తెలుగు అక్షరం గుర్తుందా? 2018 ఫిబ్రవరిలో జ్ఞ పక్కన దీర్ఘం పెడితే యాప్‌లు మూతబడేవి. ఆ జ్ఞకీ దీర్ఘానికీ మధ్య దాక్కున్నది ఇదే గుర్తు. పత్రికలు మాత్రం తెలుగుని తిట్టాయి.)

అయినా ఒప్పుకోలేకపోతున్నాను. మోసగాడి కోసం పెట్టిన తాళం మా మావయ్య పేరుకి పడింది. ఇంగ్లీషులో కొన్నవాడెవడికీ తన పేరు తప్పుగా కనబడదు.

చివరికి మధ్యలో అడ్డగీత పెట్టి కొన్నాను. రైస్-మిల్లు. "ఆ గీతెందుకురా?" అన్నాడు మావయ్య. చెప్పాను. సగం విని, "సర్లే, కార్డులు కొట్టిస్తా" అని విజయవాడ వెళ్లాడు.

అచ్చుకొట్లో ఇంకా పాత డీటీపీ ఫాంట్లే. వాటిలో ఈ గొడవే లేదు, స్ కొడితే స్ పడుతుంది. వెయ్యి కార్డులు వచ్చాయి. ప్రూఫు చూసినాయనెవరో గీత పొరపాటనుకుని తీసేశాడు. అన్నిటి మీదా రైస్‌మిల్లు అని చక్కగా, తప్పు లేకుండా ఉంది. మావయ్య వాటినే పంచుతున్నాడు.