పుణే ఇన్‌స్టిట్యూట్ తెర మీద ‘బైసికిల్ థీవ్స్’

పాత ప్రభాత్ స్టూడియో ఆవరణలో 1960లో మొదలైన పుణే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ చరిత్ర చెప్పమంటే, అక్కడ చదివి పేరు తెచ్చుకున్నవారి జాబితా చదవడం మనకు అలవాటు. నా మటుకు ఆ సంస్థకు అసలైన తరగతి గది దాని ప్రదర్శనశాలే. 1964లో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ కూడా ఆ ఊళ్లోనే ఏర్పడింది. దాని కోసం పి.కె. నాయర్ పట్టుదలగా ప్రింట్లు సేకరించారు. ఫిల్మ్ సొసైటీల్లో ఎప్పుడో ఒకసారి దొరికే సినిమాలు అలా విద్యార్థులకు అందుబాటులోకి వచ్చాయి. ఇన్‌స్టిట్యూట్ అధ్యాపకుడు సతీశ్ బహదూర్ వాటిని సన్నివేశం వెంట సన్నివేశంగా విప్పి చెప్పేవారు.

ఆ తెర మీద ‘బైసికిల్ థీవ్స్’ ఎందుకన్న ప్రశ్న న్యాయంగానే వస్తుంది. ఇటలీ దర్శకుడు డి సికా 1948లో తీసిన ఈ సినిమాలో కథానాయకుడి పాత్ర వేసింది ఒక ఫ్యాక్టరీ కార్మికుడు, నేపథ్యం రోము వీధులు. నటనలో శిక్షణే లేనివాళ్లతో తీసిన సినిమా నుంచి సినిమా బడిలో నేర్పేదేముంది? తాకట్టు దుకాణం సన్నివేశం చూడండి. సైకిల్ విడిపించడానికి భార్య ఇంట్లోని దుప్పట్లు తాకట్టు పెడుతుంది. గుమస్తా ఆ మూట పట్టుకుని అరలెక్కి పోతుంటే, పైదాకా పేర్చిన అలాంటి మూటలే మనకు కనిపిస్తాయి. ఒక్క ఇంటి కష్టం ఊరందరి కష్టమని మాట సాయం లేకుండా తెలిసిపోతుంది. దాని వెనక ఎంతో ఆలోచించిన పనితనం ఉంది. పైగా ఈ సినిమా చెందిన నియోరియలిజం అనే ధోరణికీ బడి ఉంది. రోములో 1935లో స్థాపించిన చెంత్రో స్పెరిమెంతాలెలో ఉంబెర్తో బార్బరో సోవియట్ సినిమా సిద్ధాంతాలు బోధించాడు. దర్శకులు జుసెప్పె దె శాంతిస్, పియెత్రో జెర్మి అక్కడి విద్యార్థులే.

సత్యజిత్ రాయ్ ఏ సినిమా బడిలో చదివాడని అడగొచ్చు. 1947లో కలకత్తా ఫిల్మ్ సొసైటీ స్థాపకుల్లో ఆయన ఒకరు. 1950లో లండన్‌లో ‘బైసికిల్ థీవ్స్’ చూసి ‘పథేర్ పాంచాలి’ ఎలా తీయాలో తేల్చుకున్నారు. ఆయనకూ బడి ప్రదర్శనే. ఇటలీ సినిమా చూపిస్తే విద్యార్థులు అనుకరణలో పడతారన్న భయానికీ ఆధారం లేదు. ఈ ఇన్‌స్టిట్యూట్ నుంచే వచ్చిన మణి కౌల్ ‘ఉస్కీ రోటీ’లో పూర్తిగా వేరే దారి తొక్కాడు. బాగా చూసినవాడికే దేన్ని కాదనాలో కూడా తెలుస్తుంది.

ఇప్పుడు ఈ సినిమా ఫోనులోనూ దొరుకుతుంది కదా అంటారు. దొరుకుతుంది. కానీ నలుగురూ కలిసి పెద్ద తెర మీద చూసి, అదే సన్నివేశాన్ని మళ్లీ వేయించుకుని వాదించుకునే అవకాశం ఫోనులో లేదు. అందుకే ఇన్‌స్టిట్యూట్ నిర్వాహకులకు నా విన్నపం: మీరు జరిపే ఉత్సవాల ఖర్చులో తొలి వాటా ప్రదర్శనశాలకు, ప్రింట్ల సంరక్షణకు, చర్చ నడిపే అధ్యాపకులకు కేటాయించండి.