ఓడిపోతానని రాసిపెట్టుకున్న అధ్యక్షుడు



ముప్పయ్యేళ్ళ ఉద్యోగ జీవితంలో ప్రతి సెప్టెంబరు 5వ తేదీనాడు నేను పిల్లలకు ఒక అసత్యం చెబుతూ వచ్చాను. తెలియక చెప్పినదే, అయినా అసత్యం అసత్యమే. "అబ్రహాం లింకన్ తన కుమారుని ఉపాధ్యాయునికి రాసిన లేఖ" అనే పేరుతో మన పాఠశాలల గోడలమీద పటం కట్టి వేలాడే లేఖను మీలో చాలామంది చూసే ఉంటారు. దానిని ముత్యాల్లాంటి అక్షరాలు గల ఒక పిల్లవాడిచేత అట్టమీద రాయించి తరగతి గదిలో తగిలించినవాణ్ణి నేను. ఏటా ఉపాధ్యాయ దినోత్సవాన గద్గదస్వరంతో చదివి వినిపించినవాణ్ణీ నేనే.

పదవీ విరమణ చేసిన కొన్నాళ్ళకు, అమెరికాలో స్థిరపడిన నా పూర్వ విద్యార్థి ఒకడు ఫోనులో జంకుతూ జంకుతూ అన్నాడు: "మాస్టారూ, మీరు ఏమీ అనుకోనంటే ఒక మాట చెప్తాను. ఆ ఉత్తరం లింకన్ రాసినది కాదండీ. ఆయన రచనల సంపుటాలలో ఎక్కడా లేదు." కాసేపు ఆగి, "ఆయన నిజంగా రాసిన కాగితం ఒకటుంది. 1864 ఆగస్టు 23న రాసినది. వీలు చూసుకుని దాని సంగతి చదవండి" అన్నాడు.

చదివాను. చదివిన తరువాత నా గోడమీది లింకన్ పోయి, అంతకంటె పెద్దవాడూ, అంతకంటె చిక్కైనవాడూ అయిన మరొక లింకన్ ఎదురయ్యాడు. ఆయన కథే నేటి ముచ్చట.

1864లో అమెరికా అంతర్యుద్ధం నాలుగవ ఏట నడుస్తున్నది. అదే ఏడు నవంబరులో అధ్యక్ష ఎన్నిక. 1832లో ఆండ్రూ జాక్సన్ రెండవసారి గెలిచిన తరువాత, ముప్పయ్యేళ్ళకు పైగా ఏ అధ్యక్షుడూ వరుసగా రెండవమారు గెలవలేదు. అధ్యక్షుడంటే ఒక్కసారి వచ్చి పోయేవాడు అని జనం అలవాటు పడిపోయారు. 1860లో లింకన్ గెలిచినది కూడా నలుగురు పోటీదారుల మధ్య, నూటికి నలభై ఓట్లయినా నిండకుండానే. అటువంటివాడు యుద్ధం నడుమ మళ్ళీ ప్రజల ముందు నిలిచాడు.

ఆయన నడవడిమీద నాడు జరిగిన వాదం చిన్నదేమీ కాదు. ప్రతిపక్షులు మోపిన నేరాలలో మొదటిది హెబియస్ కార్పస్ రద్దు. నిర్బంధించిన మనిషిని న్యాయస్థానం ఎదుట నిలబెట్టి, ఎందుకు పట్టుకున్నారో చెప్పమని అడిగే హక్కు అది. 1861 ఏప్రిల్‌లో లింకన్ శాసనసభ కూడకుండానే, రాజధానికి సైన్యం వచ్చే దారిపొడుగునా ఆ హక్కును నిలిపివేసే అధికారం సేనాపతులకిచ్చాడు. మెరీలాండులో మెరీమన్ అనే ఆయనను సైనికులు పట్టుకుపోతే, ప్రధాన న్యాయమూర్తి రోజర్ టానీ "ఈ అధికారం శాసనసభది, అధ్యక్షుడిది కాదు" అని తీర్పు రాశాడు. లింకన్ ఆ తీర్పును పాటించలేదు. ఒక్క చట్టం చెడకూడదని తక్కిన చట్టాలన్నీ కూలిపోనివ్వాలా అన్న భావం వచ్చేలా శాసనసభకు సమాధానమిచ్చాడు. 1863 మార్చిలో శాసనసభ చట్టం చేసి ఆ అధికారాన్ని ఆయనకు కట్టబెట్టింది గాని, అప్పటికి రెండేళ్ళు గడిచిపోయాయి. యుద్ధకాలంలో సైన్యం నిర్బంధించిన పౌరులు పదివేలకు పైబడే ఉంటారు.

రెండవది వాక్స్వాతంత్ర్యం. 1863 మేలో ఒహాయో రాష్ట్రపు నాయకుడు క్లెమెంట్ వలాండిగామ్ యుద్ధాన్ని నిందిస్తూ ఉపన్యసించినందుకు అర్ధరాత్రి ఇల్లు చొరబడి పట్టుకుని, సైనిక న్యాయస్థానంలో విచారించారు. లింకన్ శిక్షను మార్చి ఆయనను శత్రుభూమికి సాగనంపాడు. 1864 మేలో, అధ్యక్షుని పేరుతో ఎవరో సృష్టించిన దొంగ ప్రకటనను అచ్చువేసినందుకు న్యూయార్కులో రెండు పత్రికలను మూసివేయమని సంతకం చేశాడు. ఆ పత్రికలు మోసపోయాయని తెలిశాక కొద్ది రోజులకే తెరవనిచ్చారు. తెరవనిచ్చినా, మూసిన చెయ్యి లింకన్‌దే.

మూడవ నేరం, నేడు మనకు నేరమని తోచనిది: 1863 జనవరి 1న తిరుగుబాటు ప్రాంతాల బానిసలకు విముక్తి ప్రకటించడం. సమాఖ్యను నిలపడానికని మొదలుపెట్టిన యుద్ధాన్ని నల్లవారి కోసం మార్చివేశాడనీ, వారి కోసమే తెల్లబిడ్డలు చస్తున్నారనీ ఉత్తరాదిలోనే లక్షలమంది గొణిగారు. చిత్రమేమంటే, ఆయన సొంత పక్షంలోని తీవ్రవాదులది దీనికి విరుద్ధమైన ఫిర్యాదు: ఆయన నడక నత్తనడక అని. 1864 ఆగస్టు 5న వేడ్, డేవిస్ అనే ఇద్దరు శాసనసభ్యులు, ఇద్దరూ లింకన్ పక్షంవారే, ఆయన శాసనసభ అధికారాన్ని కాజేస్తున్నాడని న్యూయార్క్ ట్రిబ్యూన్‌లో బహిరంగంగా ప్రకటన అచ్చువేశారు.

ఇక గెలుపు మాట. ఆ వేసవిలో సేనాని గ్రాంట్ వర్జీనియాలో సాగించిన దండయాత్రలో, ఒకటిన్నర నెలలలోపే దాదాపు 55 వేలమంది ఉత్తరాది సైనికులు చనిపోవడమో, గాయపడడమో, పట్టుబడడమో జరిగింది. జులైలో దక్షిణాది దళం వాషింగ్టన్ పొలిమేరల దాకా వచ్చి కోటమీద కాల్పులు జరిపింది. అదే నెలలో మరో ఐదు లక్షలమంది సైనికులు కావాలని లింకన్ పిలుపునిచ్చాడు. ఎన్నికల ముందు ఏ రాజకీయ నాయకుడైనా చేసే పనేనా అది? ఆగస్టు 22న ఆయన పక్షపు కార్యవర్గాధ్యక్షుడూ, న్యూయార్క్ టైమ్స్ సంపాదకుడూ అయిన హెన్రీ రేమండ్, గాలి పూర్తిగా ఎదురు తిరిగిందనీ, సమాఖ్యలో చేరితే చాలు అనే ఒక్క షరతుతో దక్షిణాదితో సంధి మాట్లాడి చూడమనీ రాశాడు. అంటే బానిసల విముక్తి మాట పక్కన పెట్టమని.

ఆ మరునాడే, ఆగస్టు 23న, లింకన్ ఒక కాగితంమీద రెండు వాక్యాలు రాశాడు. ఈ ప్రభుత్వం తిరిగి ఎన్నిక కాకపోవడమే ఎక్కువ సంభవమని మొదటి వాక్యపు సారాంశం. అలా జరిగితే, ఎన్నికకూ కొత్తవాని పదవీ స్వీకారానికీ నడుమనున్న రోజులలో, గెలిచినవానితో కలిసి పనిచేసి సమాఖ్యను కాపాడడం తన విధి అని తరువాతి మాట. కాగితాన్ని మడిచి, లోపలిది కనబడకుండా అంటించి, మంత్రివర్గ సమావేశంలో వెనకవైపు అందరిచేతా సంతకాలు పెట్టించాడు. దేనిమీద సంతకం చేస్తున్నారో వారికెవరికీ తెలియదు.

ఇక్కడ నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. పదివేలమందిని చెరలో పెట్టగల సైన్యం చేతిలో ఉంది. యుద్ధమనే సాకు ఉంది. ఎన్నిక వాయిదా వేయమని సలహా ఇచ్చేవారూ ఉన్నారు. అటువంటివాడు, ఓడిపోతానని నమ్మి, ఓడితే ఏం చేయాలో రాసుకుంటున్నాడు. ఓడకుండా ఉండడానికి ఎన్నిక ఎలా ఆపాలా అని కాదు.

రేమండ్ చెప్పిన సంధి దారినీ ఆయన పట్టలేదు. అది అంత తేలికగా వదులుకున్నదేమీ కాదు. రాయబారికి సూచనలు ఒక చిత్తుప్రతిగా రాసుకుని కూడా, చివరకు పంపలేదు. సమాఖ్య కోసం పోరాడిన నల్ల సైనికులను తిరిగి బానిసత్వంలోకి నెడితే ఇహపరాలు రెండింటా తనకు నిష్కృతి ఉండదని అంతకు నాలుగు రోజుల ముందే, ఆగస్టు 19న, తన్ను చూడవచ్చినవారితో అన్నాడు. అదే రోజున ఫ్రెడరిక్ డగ్లస్‌ను పిలిపించాడు. డగ్లస్ బానిసగా పుట్టి తప్పించుకుని వచ్చిన మహావక్త. తాను ఓడిపోయేలోగా వీలైనంతమంది బానిసలను దక్షిణాదినుంచి ఇవతలికి దాటించే ఉపాయం ఆలోచించమని లింకన్ ఆయనను అడిగాడు.

తరువాతి కథ వేగంగా నడిచింది. ఆగస్టు చివర షికాగోలో సమావేశమైన డెమోక్రాట్లు, యుద్ధం విఫలమైందని తీర్మానించి, లింకన్ పదవినుంచి తప్పించిన సేనాని మెక్లెలన్‌ను తమ అభ్యర్థిగా నిలబెట్టారు. ఆ తీర్మానం వెనకనున్నది, దేశం దాటించబడి తిరిగి వచ్చిన వలాండిగామే. తిరిగి వచ్చిన ఆయనను లింకన్ మళ్ళీ పట్టించలేదన్నది కూడా గమనించదగినదే. సెప్టెంబరు 2న షెర్మన్ సేనలు అట్లాంటా నగరాన్ని పట్టుకున్నాయి. గాలి తిరిగింది. నవంబరు 8న ఎన్నిక యథావిధిగా జరిగింది. లింకన్‌కు 212 ఎలక్టోరల్ ఓట్లు, మెక్లెలన్‌కు 21. ప్రజల ఓట్లలో నూటికి 55. విడిగా లెక్కించిన సైనికుల ఓట్లలో సుమారు 78 శాతం లింకన్‌వే. ఒకప్పుడు తాము ప్రాణంగా ప్రేమించిన సేనానిని కాదని, తమను మరిన్ని రోజులు చావుకు పంపబోయేవానికే వారు ఓటు వేశారు.

నవంబరు 11న మంత్రుల ఎదుట ఆ కాగితాన్ని విప్పి చదివాడు. ఓడిపోయివుంటే మెక్లెలన్‌ను పిలిచి, కలిసి యుద్ధం ముగిద్దామని అడిగేవాణ్ణన్నాడు. ఆయన సరేసరే అంటూ ఏమీ చేసేవాడు కాదని మంత్రి సీవర్డ్ అంటే, నా మనస్సాక్షి ముందయినా నేను నిర్దోషిగా నిలిచేవాణ్ణి కదా అన్నాడు. అంతకు ముందురోజు రాత్రి తన్ను అభినందించడానికి వచ్చిన జనంతో, ఎన్నికలు లేకుండా స్వేచ్ఛాప్రభుత్వం లేదనీ, తిరుగుబాటుకు వెరచి ఎన్నికను వాయిదా వేస్తే అది మనలను అప్పటికే జయించినట్లనీ చెప్పాడు.

భారతంలో శాంతిపర్వాన ఆపద్ధర్మమనే భాగముంది. పన్నెండేళ్ళ కరువులో ఆకలికి తాళలేక విశ్వామిత్రుడు చండాలుని ఇంట కుక్కమాంసం దొంగిలించబోయిన కథ అందులోనిదే. ఆ కథ చెప్పినప్పుడల్లా పిల్లలు నన్ను అడిగేవారు: "అయితే ఆపద వస్తే ఏదైనా చేయవచ్చా మాస్టారూ?" సూటిగా సమాధానం చెప్పలేకపోయేవాణ్ణి. ఇప్పుడు కొంత చెప్పగలననుకుంటాను. ఆపద్ధర్మానికి ఒక మేర ఉండాలి. ఆ మేర గీసే అధికారం ఆపద్ధర్మాన్ని వాడుకునేవాని చేతిలో మాత్రమే ఉండకూడదు. లింకన్ హక్కులను నిలిపివేశాడు గాని, తన్ను దింపివేసే హక్కును మాత్రం ప్రజల చేతిలోనే ఉంచాడు.

ఇది ఆయన తప్పులను కడిగివేయదు. 1866లో, లింకన్ చనిపోయిన మరుసటి ఏడు, పౌర న్యాయస్థానాలు పనిచేస్తున్నచోట పౌరులను సైనిక న్యాయస్థానాలు విచారించడం చెల్లదని సుప్రీంకోర్టు మిలిగన్ వ్యాజ్యంలో తీర్పు చెప్పింది. ఆ తీర్పు రాసిన న్యాయమూర్తి డేవిడ్ డేవిస్, లింకన్‌కు ప్రాణమిత్రుడు, 1860లో ఆయన గెలుపుకు దారులు వేసినవాడు, ఆయనే నియమించినవాడు. మిత్రుని తప్పును మిత్రుడే తప్పని రాయడం నాకు ఆ దేశపు చరిత్రలో ఎంతో గొప్పగా తోచిన ఘట్టం.

ఇదంతా చదువుతుంటే మన సంగతి గుర్తుకు రాకుండా ఎలా ఉంటుంది? 1975 జూన్ 25న అత్యవసర పరిస్థితి వచ్చేసరికి నాకు పదిహేడేళ్ళు. 1976 ఏప్రిల్ 28న మన సుప్రీంకోర్టు, నిర్బంధితులకు హెబియస్ కార్పస్ కోరే అవకాశం లేదని నలుగురొకవైపు, ఒక్కరొకవైపుగా తీర్పు చెప్పింది. ఆ ఒక్కరు జస్టిస్ ఖన్నా. ఆ తీర్పు చెల్లదని 2017లో గాని తేలలేదు. లోక్‌సభ గడువును ఏడాది చొప్పున రెండుసార్లు పొడిగించారు. లింకన్ చేయనని చెప్పిన పని అది. అయితే 1977 మార్చిలో ఎన్నిక జరిగినప్పుడు ఉత్తరదేశమంతా తిరగబడితే, మన ఆంధ్రప్రదేశ్ 42 స్థానాలలో 41 కాంగ్రెసుకే ఇచ్చింది. ఆ ఫలితాలనాడు మా నాన్నగారు "ధరలు అదుపులో ఉన్నాయి, రైళ్ళు వేళకు వచ్చాయి, ఇంకేం కావాలిరా?" అంటే, మా బాబాయి "అన్నయ్యా, నిన్ను పట్టుకుపోలేదు గనుక అలా అంటున్నావు" అన్నాడు. ఓటు లేని వయసు గనుక నేను అరుగుమీద కూర్చుని విన్నాను. ఆ ఇద్దరిలో నాన్నగారి పక్షమే నాకు న్యాయమనిపించిందని నేడు ఒప్పుకోవడానికి సిగ్గుపడను గాని, బాబాయి మాటకు నా దగ్గర అప్పుడూ సమాధానం లేదు, ఇప్పుడూ లేదు.

మొన్న మా విద్యార్థి మళ్ళీ ఫోను చేసినప్పుడు అడిగాను: "ఏమిరా, లింకన్‌కు ఓటు వేసేవాడివేనా?" "వేసేవాణ్ణి మాస్టారూ. కాని మూసేసిన ఆ పత్రికల తరఫున కోర్టుకు కూడా వెళ్ళేవాణ్ణి" అన్నాడు. వాడు నా దగ్గర చదువుకున్నాడని చెప్పుకోవడానికి నాకు ఆ ఒక్క మాట చాలు.

ఆ పాత అట్ట పాఠశాలలో ఇంకా గోడమీదనే ఉన్నదని విన్నాను. ప్రధానోపాధ్యాయులను కలిసి, దానిని తీయించి, దాని స్థానంలో ఈ కాగితం కథ రాయించమని అడుగుదామనుకుంటున్నాను. ముత్యాల్లాంటి అక్షరాలు రాసే పిల్లలు ఇప్పటికీ ఉండకపోరు.

ఇందులో పొరపాట్లుంటే పెద్దలు సరిదిద్దగలరు. సెలవు.