పుష్పక్ మ్యాగ్నెట్ రెక్కలు

సనత్‌నగర్ పేరెత్తితే పాత హైదరాబాదీలకు ముందు గుర్తొచ్చేది ఆల్విన్. 1942లో మొదలైన ఈ కంపెనీ నగరానికి బస్సు బాడీలు కట్టింది, ఇళ్లకు ఫ్రిజ్‌లిచ్చింది, చేతులకు వాచీలు తొడిగింది. స్కూటర్ సంగతి మాత్రం ఎవరైనా అడిగితేనే బయటికొస్తుంది. దాని పేరు ఆల్విన్ పుష్పక్.

పేరు మనదే అయినా ఇంజిన్ వంశం ఇటలీది. మిలాన్ నగరంలోని లాంబ్రాటేలో ఇన్నొచెంటీ కంపెనీ 1947లో లాంబ్రెట్టాను మార్కెట్లోకి తెచ్చింది. అక్కడ తయారీ ఆగిపోయాక ఆ యంత్రాలు మన దేశానికి వచ్చాయి. వాటి కోసం 1972లో లక్నోలో ప్రభుత్వ రంగ సంస్థ స్కూటర్స్ ఇండియా ఏర్పడింది. అక్కడి ఇంజినే హైదరాబాద్‌లో పుష్పక్ అయింది.

కుడి పక్క మూత తీస్తే ఫ్యాన్ కవర్, దాని వెనక ఫ్లైవీల్ కనిపిస్తాయి. మెకానిక్కులకు అది మ్యాగ్నెట్. లోపలి అంచున అయస్కాంతాలు, బయటి ముఖాన వరసగా అల్యూమినియం రెక్కలు. స్పార్క్‌కు కరెంటూ, సిలిండర్‌కు గాలీ రెండూ దాని బాధ్యతే. మోటార్‌సైకిల్ సిలిండర్‌కు ఎదురుగాలి నేరుగా తగులుతుంది. ఇక్కడ ఇంజిన్ బాడీ లోపల దాక్కుంటుంది కాబట్టి, రెక్కలు గాలిని లాగి కౌలింగ్ అనే తొడుగు గుండా సిలిండర్ మీదికి తోలాలి.

బ్రిటన్‌లో లాంబ్రెట్టాలతో రేసులాడేవాళ్లు ఈ రెక్కలకే కత్తి పెట్టారు. లేత్ మీద కొంత చెక్కేవాళ్లు, లేదా ఒకటి విడిచి ఒకటి కోసేవాళ్లు. కారణం లెక్కలో ఉంది. ఫ్యాన్ వేగం రెట్టింపైతే గాలి రెట్టింపవుతుంది, కానీ దాన్ని తిప్పడానికి పట్టే శక్తి ఎనిమిది రెట్లవుతుంది. పైగా బరువు తగ్గిన చక్రం చటుక్కున వేగం అందుకుంటుంది.

హైదరాబాద్ రోడ్డు మీద ఆ లెక్క తిరగబడుతుంది. మే ఎండ, ముందు పిల్లాడు, వెనక భార్యాబిడ్డ, బంజారాహిల్స్ ఎత్తు, మొదటి గేరు. ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుంది, గాలి తక్కువ, వేడి ఎక్కువ. ఇలాంటప్పుడు రెక్కలు కూడా తగ్గిస్తే పిస్టన్ పట్టేస్తుంది.

అందుకే ఇక్కడ పనితనమంతా రెక్కల్ని కాపాడడంలోనే. మ్యాగ్నెట్‌ను పుల్లర్‌తోనే విప్పాలి. తొందరపడి స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తితే రెక్క పుటుక్కున విరుగుతుంది. ఒకటి విరిగితే చక్రం బరువు ఒక పక్కకు ఒరిగి, హ్యాండిల్ దాకా వణుకు వస్తుంది, బేరింగ్ త్వరగా పోతుంది. అప్పుడు ఎదురు రెక్కను కూడా అంతే మేర కోస్తారు. చక్రాన్ని కడ్డీకి ఎక్కించి, సమానంగా అమర్చిన రెండు పట్టీల మీద వదులుతారు. బరువున్న పక్క కిందికి దిగి ఆగుతుంది. అక్కడ కొద్దిగా లోహం తీసి, మళ్లీ వదిలి చూస్తారు. ఎక్కడ వదిలితే అక్కడే నిలిచేదాకా ఇదే పని.

క్రాంక్ ఆయిల్ సీల్ కారితే ఇంకో తంటా. నూనెకు దుమ్ము అంటుకుని రెక్కల మధ్య ముద్దలా గట్టిపడుతుంది, గాలి సగం చచ్చిపోతుంది. దాన్ని గీకి, కిరోసిన్‌తో కడిగి, సీల్ మార్చాకే కవర్ బిగించాలి.

లక్నో సంస్థ మూసివేతకు కేంద్ర కేబినెట్ 2021 జనవరిలో ఒప్పుకుంది. ఆ స్కూటర్ల తయారీ అంతకు చాలా ఏళ్ల ముందే ఆగింది. ఇప్పుడు పుష్పక్‌కు మళ్లీ ప్రాణం పోయాలనుకునేవాళ్లు పాత సామాన్ల కొట్టులో మ్యాగ్నెట్ కొనేముందు మూడు సంగతులు చూసుకుంటారు: రెక్కలన్నీ ఉన్నాయా, కీ కూర్చునే గాడి అరిగిందా, అయస్కాంతం ఇంకా స్పానర్‌ను గట్టిగా లాగుతోందా.