తాళం మార్చాలా, తాళంచెవి మార్చాలా?

ఆఫీసులో ఎవరైనా ఉద్యోగం మానేస్తే పాస్‌వర్డ్ మారుస్తాం, సర్వర్ని మార్చం కదా! షాపు తలుపు దగ్గరికొచ్చేసరికి మాత్రం "లాక్ మొత్తం మార్చెయ్యి" అనేస్తాం.

తలుపు మందంలోకి గాడి తొలిచి దింపేది మార్టిస్ లాక్. 1778లో ఇంగ్లండులో రాబర్ట్ బారన్ పేటెంట్ పొందిన లీవర్ల పద్ధతిలో, చెవికి సరిపోయే లీవర్లూ గడియా ఒకే పెట్టెలో ఉంటాయి. చెవి పోతే పెట్టె బయటికి లాగి, లీవర్లు మార్చాలి. ఓపికున్న పనివాడి పని అన్నమాట.

1851లో లండన్‌లో హాబ్స్ అనే అమెరికన్ పేరుమోసిన చబ్ లీవర్ తాళాన్ని దాదాపు 25 నిమిషాల్లో తెరిచేశాడు. లీవర్ల మీద నమ్మకం సడలింది. 1861లో లైనస్ యేల్ జూనియర్ చిన్న సిలిండర్‌లో పిన్నులు పెట్టి పేటెంట్ తీసుకున్నాడు. రహస్యం సిలిండర్‌లో, గడియ పెట్టెలో! మన భాషలో మాడ్యులర్ డిజైన్.

ఇప్పటి సిలిండర్ మార్టిస్ లాకుల్లో చాలావాటికి తలుపు అంచున ఒక్క స్క్రూ విప్పితే సిలిండర్ బయటికొస్తుంది. గడియ అరిగితేనే పెట్టె మార్చాలి.

1806లో సికిందర్ జా పేరు పెట్టుకున్న సికింద్రాబాద్‌లో పాత టేకు తలుపులు ఇంకా ఉన్నాయి. సైజు కుదరని పెట్టె కోసం మళ్ళీ ఉలి పెడితే, తాళం దగ్గరే చెక్క బలహీనమవుతుంది. దొంగకి కావలసింది అదే! అందుకే రాణీగంజ్ వెళ్ళేముందు పాత పెట్టె కొలతలు, తలుపు అంచు నుంచి చెవి రంధ్రం దాకా దూరం రాసుకోండి. పోయింది చెవా, పాడైంది గడియా అన్నది ముందు తేల్చుకోండి. డీబగ్గింగ్ అంటే అదేగా!