ఆఫ్ఘనిస్తాన్ జాతీయ మ్యూజియం

ఆఫ్ఘనిస్తాన్ జాతీయ మ్యూజియం ఆ దేశ రాజధాని కాబూల్ నగరంలోని దారులమాన్ ప్రాంతంలో ఉన్న పురావస్తు ప్రదర్శనశాల. దీనిని కాబూల్ మ్యూజియం అని కూడా అంటారు. భారతదేశం, చైనా, ఇరాన్, మధ్యధరా తీర దేశాలను కలిపిన ప్రాచీన వర్తక మార్గాలు ఈ దేశంలో కలుసుకొనేవి. ఆ మార్గాల వెంట వచ్చిన కళాఖండాలకు ఈ మ్యూజియం ప్రసిద్ధి చెందినది. 1931లో దీనిని ప్రస్తుత భవనంలోకి మార్చారు.

ముఖ్య సేకరణలు

బెగ్రామ్: కాబూల్‌కు ఉత్తరాన ఉన్న ఈ ప్రదేశం కపిశ అనే ప్రాచీన నగరమని భావిస్తారు. ఫ్రెంచి పురావస్తు శాస్త్రవేత్తలు జోసెఫ్ హాకిన్, రియా హాకిన్ దంపతులు 1937, 1939 సంవత్సరాలలో జరిపిన తవ్వకాలలో, ద్వారాలకు గోడ కట్టి మూసివేసిన రెండు గదులు బయల్పడినాయి. భారతీయ దంతపు శిల్పాలు, రోమను సామ్రాజ్యపు గాజు పాత్రలు, కంచు బొమ్మలు, చైనా లక్క పాత్రలు అక్కడ ఒకేచోట లభించాయి. దంతపు పలకలు చాలావరకు ఆసనాలకు అలంకారంగా అమర్చినవి. వీటిలో కొన్నింటికి అమరావతి శిల్పాలతో పోలిక ఉన్నదని కొందరు పరిశోధకుల అభిప్రాయం.

తిల్యా తెపె: ఈ పేరుకు "బంగారు దిబ్బ" అని అర్థం. 1978లో సోవియట్ శాస్త్రవేత్త విక్టర్ సరియానిది ఇక్కడ ఆరు సమాధులను త్రవ్వించగా 20,000కు పైగా బంగారు వస్తువులు దొరికినాయి. వాటితోపాటు రోమను చక్రవర్తి టైబీరియస్ నాణెము, చైనా అద్దాలు, భారతీయ దంతపు దువ్వెన కూడా లభించాయి. ఇక్కడి బంగారు కిరీటాన్ని భాగాలుగా విడదీయవచ్చును. సంచార జీవనం గడిపేవారికి ఇది అనువైనది.

నష్టము, రక్షణ

అంతర్యుద్ధ భయంతో 1988-89 కాలంలో మ్యూజియం ఉద్యోగులు తిల్యా తెపె బంగారాన్ని, మరికొన్ని విలువైన వస్తువులను రహస్యంగా అధ్యక్ష భవన ఆవరణలోని బ్యాంకు ఖజానాకు తరలించారు. 1993లో రాకెట్ దాడి వలన మ్యూజియం పైకప్పు కాలిపోయినది. తరువాత దోపిడీలు జరిగాయి. సేకరణలో సుమారు 70 శాతం పోయినదని అంచనా. 2001లో తాలిబన్లు మిగిలిన విగ్రహాలలో అనేకం పగులగొట్టారు.

ఇన్ని సంవత్సరాలూ ఖజానా సంగతి తెలిసిన ఉద్యోగులు దానిని బయటపెట్టలేదు. బంగారం కరిగించివేశారనీ, విదేశాలకు తరలిపోయిందనీ వదంతులు వచ్చాయి. 2004లో పెట్టెలు తెరచి చూడగా వస్తువులు భద్రంగా ఉన్నాయి. 2006లో పారిస్ నగరంలోని గిమే మ్యూజియంతో ప్రారంభించి వీటిని అనేక దేశాలలో ప్రదర్శించారు. 2012లో బ్రిటిష్ మ్యూజియం ద్వారా 843 వస్తువులు కాబూల్‌కు తిరిగి చేరినాయి. వీటిలో దొంగిలింపబడిన బెగ్రామ్ దంతపు శిల్పాలు కొన్ని ఉన్నాయి.

2021 ఆగస్టులో తాలిబన్లు మళ్ళీ అధికారానికి వచ్చినప్పుడు మూతపడిన మ్యూజియాన్ని ఆ సంవత్సరం చివరలో తిరిగి తెరిచారు.